ఆర్డిస్ నోరు విప్పిన ఆదివారం

కీల్‌బర్గ్ బేస్‌బాల్ పార్కులో మూడో బేసు వైపు ఇనప స్తంభం వెనక ఉండే రెండు సీట్లని ఎవరూ కోరి తీసుకోరు. అక్కడ కూర్చుంటే బంతి విసిరేవాడు కనిపిస్తాడు గానీ కొట్టేవాడు కనిపించడు, మెడ కొంగలా సాచి పక్కకి వంగితే తప్ప. ఆర్డిస్ క్లింగ్ బతుకంతా అక్కడే కూర్చుంది. పెళ్లయిన కొత్తలో ఆమె మొగుడు డెల్మర్ ఏరికోరి ఆ సీట్లు పట్టాడు.

"ఎండ తగలదు, వాన తగలదు. నా పక్కన నువ్వు తప్ప ఇంకెవడూ కూర్చోడు" అన్నాడట.

"ఆట కనపడొద్దా?" అంది ఆర్డిస్.

"సగం చూడు, సగం నేను చెప్తాను."

అలా సగం చూస్తూ సగం వింటూ కాపురం మొదలైంది.

ఆ పార్కు నదిగట్టుని ఆనుకుని ఉంటుంది. ముందు ఇటుక గోడ, లోపలంతా కొయ్య. కొయ్య మీద ఆకుపచ్చ రంగు, ఆ రంగు మీద మళ్లీ రంగు. గోరుతో గీకితే తాతలనాటి పచ్చదనం బయటపడేది. మిసిసిపీ పొంగిన ఏడాదల్లా నీళ్లు మెట్ల కిందున్న టికెట్ల గదిలోకి వచ్చేవి. ఎక్కడిదాకా వచ్చాయో గోడమీద గీత గీసి పెట్టేవాళ్లు, ఇంట్లో పిల్లల ఎత్తు గీసినట్టు. గాలి ఇటు మళ్లితే మొక్కజొన్న మిల్లు వాసన, పిండి ఉడుకుతున్న వాసన. పైఊరి వాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మా వాళ్లకి అది కూటి వాసన.

ఆర్డిస్ పుట్టింది ఊరికి పడమర, పందుల్ని పెంచే ఇంట్లో. చదువు బళ్లోనే ఆగిపోయింది. పెద్ద చాకిరేవులాంటి లాండ్రీలో చేరి ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసేది. పిల్లలు కలగలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. మా ఊరి మర్యాద అలాంటిది. ఎదుటివాడి ఇల్లు అంటుకున్నా సరే, మా వాళ్లు తలుపు తట్టి, కాసేపు వానల సంగతి మాట్లాడి, అప్పుడు చల్లగా ఆ కబురు చెప్తారు.

ఆ మర్యాదే డెల్మర్ పోయిన రోజు ఆర్డిస్ కొంప ముంచింది.

శనివారం మధ్యాహ్నం ఆట. డెల్మర్‌కి మిల్లులో పని పడి రాలేదు. అక్కడ పిండి దుమ్ముకి నిప్పంటుకుంది. మిల్లు మనిషి ఒకడు పరుగెత్తుకుంటూ పార్కు గేటు దగ్గరకొచ్చాడు. గేటు దగ్గర టికెట్లు అమ్మేది వెర్న్, డెల్మర్‌కి పినతండ్రి కొడుకు. వెన్నలాంటి మనిషి. లోపల ఆర్డిస్ లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది, ఆట నువ్వా నేనా అన్నట్టుంది.

"ఈ కాస్తా అయిపోనీయండి" అన్నాడు వెర్న్. "పాపం, నవ్వుతోంది. మళ్లీ ఎప్పుడు నవ్వుతుందో."

ఇద్దరూ టోపీలు చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఆట తెగలేదు, సాగింది. ఆర్డిస్ ఆసుపత్రికి చేరేసరికి డెల్మర్ మొహం మీదికి దుప్పటి లాగేశారు. ఆమె చేత్తో ఇస్త్రీ చేసిన దుప్పటే అయి ఉండొచ్చు. నర్సు ఊరుకోలేక అనేసింది: "ఇందాకటిదాకా మిమ్మల్నే అడిగాడమ్మా. ఆర్డిస్ వచ్చిందా, ఆర్డిస్ వచ్చిందా అని."

వెర్న్‌ని ఆమె ఒక్క మాట అనలేదు. అతను మంచికే చేశాడని ఆమెకీ తెలుసు. దినాలన్నీ అయ్యాక మళ్లీ పార్కుకి వచ్చి ఆ స్తంభం వెనకే కూర్చుంది. పక్కసీట్లో కొన్నాళ్లకి లవోన్ చేరింది. లవోన్ అంటే ఆర్డిస్ చిన్ననాటి స్నేహితురాలు, పోస్టాఫీసులో పనిచేసేది, నోరు మహా పెద్దది. కనపడని సగం ఆట చెప్పే పని ఆవిడ పుచ్చుకుంది.

మా జట్టు చిన్న జట్టు. పెద్ద ఊళ్లలో పెద్ద జట్లకి ఆడాలని కలలుగనే కుర్రాళ్లని మా దగ్గరికి పంపుతారు. వాళ్లకొచ్చే జీతం షూ లేసులకి కూడా చాలదు. అందుకని వేసవి అంతా ఊళ్లో వాళ్లే ఇంటికొకరిని పెట్టుకుని అన్నం పెడతారు. డెల్మర్ పోయాక ఆర్డిస్ మేడమీద గది తెరిచింది. ఏటా ఒకడు వచ్చేవాడు. ఆమె చేసే రూబార్బ్ పై, అంటే పుల్లటి కాడలు నింపి కాల్చిన తీపి రొట్టె తిని, ఒళ్లు చేసి వెళ్లేవాడు. ఆ గదికి వెళ్లే మెట్ల మీద ఒక దూలం కిందికి ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ దానికి తల కొట్టుకోవాల్సిందే. ఆర్డిస్ దానికి పాత దుప్పటి గుడ్డ చుట్టి మేకులు కొట్టింది.

డ్వెయిన్ ప్రేటర్ వచ్చిన రోజు ఆ దూలానికి రెండుసార్లు తగిలాడు, ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి.

"తల వంచమన్నానా లేదా?"

"మీరు చెప్పేలోపే తగిలింది పెద్దమ్మా."

"ఎక్కేటప్పుడు చెప్పింది దిగేటప్పుడు గుర్తుండదా? మీ ఇంట్లో దూలాలుండవూ?"

"ఉంటాయి. కానీ మా ఇంట్లో మెట్లుండవు."

కెంటకీ కొండల్లో బొగ్గుగనుల పల్లె వాడిది. పొడుగ్గా, తాటిమట్టలాంటి చేతులతో, సిగ్గుగా ఉండేవాడు. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మ పెంచింది. ఆ ముసలావిడ మొగుడూ కొడుకూ గనిలో పనిచేసినవాళ్లు. పనిలో ఉన్న మగవాణ్ణి నడిమధ్యలో కేకేసి పిలవకూడదని ఆవిడ పట్టింపు. అలా పిలిస్తే కీడట. ఆదివారంపూట మేనత్త ఇంట్లోని ఫోనులో మాట్లాడేది. మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే: "ఆట అయిపోయిందా?" ఇంకా లేదంటే టక్కున పెట్టేసేది. అయిపోయిందంటే అప్పుడు, గెలిచావా, తిన్నావా, చలి బట్టలున్నాయా, ఆ క్లింగ్ అమ్మగారిని విసిగిస్తున్నావా.

"ఒకసారి ఆట లేని రోజున కూడా అయిపోయిందనే చెప్పాల్సొచ్చింది పెద్దమ్మా" అని నవ్వేవాడు డ్వెయిన్.

ఆ ఆగస్టులో ముసలావిడకి జబ్బు చేసింది. డ్వెయిన్ వెళ్తానన్నాడు. వద్దని ఆవిడే కబురు చేసింది. అత్యవసరమైతే చెప్పడానికి ఆర్డిస్ పేరూ, పార్కు టికెట్ల గది నంబరూ మేనత్తకి ఇచ్చిపెట్టాడు.

ఇక ఆ ఆదివారం.

డ్వెయిన్ బంతి విసురుతున్నాడు. అవతలి జట్టువాళ్లు వస్తున్నారు, గాలిని కొడుతున్నారు, పోతున్నారు. ఈ ఆటలో తొమ్మిది దఫాలు. మూడో దఫా, నాలుగో దఫా, ఆరో దఫా దాటినా ఒక్కడు కూడా తిన్నగా కొట్టి, పరుగెత్తి బేసు గుర్తు చేరలేదు. ఆట మొత్తం అలా ఆపగలిగిన వాడి పేరు ఊరు ఊరంతా తరతరాలు చెప్పుకుంటుంది. మా ఊళ్లో అప్పటికి అలా ఎవడూ ఆపలేదు. పైగా ఆ రోజు గడ్డిటోపీ పెట్టుకున్న పెద్ద జట్టు మనిషి ఒకడు, కుర్రాళ్లని ఏరుకుపోయేవాడు, ముందు వరసలో కూర్చుని ఉన్నాడు.

ఇలాంటప్పుడు పాటించాల్సింది ఒకటుంది. పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. ఆ సంగతి నోటితో అనకూడదు. బంతి విసిరేవాడితో ఎవరూ మాట్లాడకూడదు, వాడి పక్కన కూర్చోకూడదు. పలకరిస్తే మంత్రం తెగిపోతుంది. ఏడో దఫాలో మా జట్టు బ్యాటు పట్టే వంతు వచ్చేసరికి ఆటగాళ్ల షెడ్డులో బల్ల ఒక చివర డ్వెయిన్ ఒక్కడే, విసిరే చెయ్యి చల్లారకుండా కోటు కప్పుకుని కూర్చున్నాడు. మిగతా జట్టంతా రెండో చివర ఒకళ్లమీద ఒకళ్లు. జనంలో గుసగుసలు కూడా వేరే సంగతుల మీదే.

"మీ ఇంట్లో టమాటాలు ఎలా కాశాయే?" అంది లవోన్, కళ్లు డ్వెయిన్ మీద పెట్టుకుని.

"బాగానే కాశాయి."

"మావి పుచ్చిపోయాయి. ఓరి దేవుడో."

అప్పుడు వెర్న్ వచ్చి మెట్ల పక్కన వంగాడు. మొహం పాలిపోయి ఉంది. టోపీ చేతిలో ఉంది. ఆ టోపీ చూడగానే ఆర్డిస్ అతనివైపు పూర్తిగా తిరిగింది.

"వదినా, ఫోనొచ్చింది. వాళ్ల మేనత్త. ముసలావిడ దాటదట. ఊపిరి అందట్లేదు, వాడి గొంతు వినాలంటోందట. ఫోను పెట్టకుండా పట్టుకునుంది ఆ మేనత్త."

"వాడికి చెప్పావా?"

"ఎలా చెప్తాను వదినా? చూస్తున్నావుగా. ఇంకెంతసేపు, ఈ కాస్తా అయిపోనీ. అప్పుడు చెప్దాం. పాపం, వాడి బతుకులో ఇలాంటి రోజు..."

తన మాటలు తనకే వినపడ్డాయి కాబోలు, ఆగిపోయాడు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఎన్నో ఏళ్లుగా చూసుకోని చూపు అది.

ఆర్డిస్ లేచింది. లవోన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికే? కూర్చో. నీకేమన్నా మతిపోయిందా? వాడి నోటికాడ కూడు తన్నేస్తావా?"

"వదులు లవోన్."

"ఊరు నీ మొహం చూడదే!"

"చూడకపోతే మానె."

మెట్లు దిగి కటకటాల దాకా వెళ్లింది. అక్కడినుంచి షెడ్డు చెయ్యి చాస్తే అందేంత దూరం. జట్టు పెద్ద గ్రోవర్ ఆమెను చూసి లేచాడు. పొగాకు నమిలే దవడ ఆగిపోయింది. "అమ్మా, వద్దు" అన్నాడు పళ్ల మధ్యనుంచి.

"డ్వెయిన్" అంది ఆర్డిస్.

పెద్దగా ఏం అనలేదు. కానీ ఆ మాట పార్కంతా వినిపించింది. గుసగుసలు ఆగాయి. పల్లీల సంచులు చప్పుడు ఆపాయి. మా ఊరు మర్యాద మరిచిపోయి ఒక్కసారిగా ఆమె వీపు వైపు చూసింది. ఆ చూపు తగలడం ఆమెకి తెలిసింది. వెనక్కి తిరగలేదు.

"మీ నాయనమ్మ. టికెట్ల గదిలో ఫోనుంది. ఇప్పుడే వెళ్లు నాన్నా."

వాడు ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. కోటు బల్లమీద పడేసి లేచాడు. బూట్ల కింది మేకులు సిమెంటు మీద టకటకమంటుంటే మెట్ల కిందికి పోయాడు.

గ్రోవర్ ఆర్డిస్‌ని చూశాడు, పొగాకు ఉమ్మాడు. బ్యాటు పట్టుకుని వెళ్లబోతున్న కుర్రాడి భుజం పట్టుకుని ఒకే మాట అన్నాడు. "నాన్చు."

ఆ కుర్రాడు నాన్చాడు. వచ్చిన బంతినల్లా గీత బయటికి తోశాడు, ఎందుకంటే అలా తోసింది లెక్కలోకి రాదు. తోసి తోసి అలిసిపోయి షూ లేసు కట్టుకున్నాడు. రెండోదీ కట్టుకున్నాడు. ఎవరు ఎవరికి చెప్పారో గానీ అవతలి జట్టులో బంతి పట్టే క్యాచర్ ముసుగు తీసి, తమ బంతి విసిరేవాడి దగ్గరికి నడిచి వెళ్లి, పనేమీ లేకుండా నిలబడ్డాడు. అంపైర్ జేబులోంచి కుంచె తీసి, వంగి, నేలమీది తెల్ల పలకని తుడవడం మొదలుపెట్టాడు. తుడిచాడు, ఇటొచ్చి తుడిచాడు, అటెళ్లి తుడిచాడు. ఇల్లాలు కూడా పెళ్లివారొచ్చే పొద్దున గుమ్మాన్ని అంతలా తుడవదు. జనం ఎవరూ అరవలేదు. త్వరగా కానీ అని ఎవరూ అనలేదు. పార్కు మొత్తం నోటికి తాళం వేసినట్టు కూర్చుంది. గట్టు అవతల నదిలో పడవ కూత ఒకటే వినిపించింది.

డ్వెయిన్ తిరిగొచ్చాడు. మొహంలో ఏమీ లేదు. ఎవరివైపూ చూడలేదు. గ్రోవర్ ఇక చాలన్నట్టు చెయ్యి తిప్పాడు. మా వాళ్లలో మూడోవాడు గాల్లోకి కొట్టి అవుటయ్యాడు; ముగ్గురు అవుటైతే ఆ దఫా ముగిసినట్టే. డ్వెయిన్ బంతి తీసుకుని, విసిరేవాడు నిలబడే మట్టిదిబ్బ ఎక్కాడు. మొదట వచ్చినవాడే తిన్నగా కొట్టాడు. బంతి గడ్డిలో దొర్లుకుంటూ పోయి ఎవరికీ అందలేదు. అంతే. మంత్రం తెగింది. గ్రోవర్ వెళ్లి వాడి చేతిలోంచి బంతి తీసుకున్నాడు. గడ్డిటోపీ మనిషి ఆట అవకముందే లేచిపోయాడు.

ఆ సాయంత్రం వెర్న్ కారులో డ్వెయిన్‌ని బస్సుకి తీసుకెళ్లాడు. ఆర్డిస్ దారిలో తినడానికి మాంసం పెట్టిన రొట్టెలు కాగితంలో కట్టి ఇచ్చింది. వాడు మాట్లాడలేదు. గుమ్మం దగ్గర ఆగి ఆమె భుజం పట్టుకుని, వదిలి, వెళ్లిపోయాడు. ముసలావిడ ఆ రాత్రే పోయిందని జట్టు ఆఫీసు ద్వారా తర్వాత తెలిసింది. ఫోనెత్తే సమయానికి మాట వినేంత ప్రాణం ఉందో లేదో మాత్రం తెలీలేదు. వెర్న్‌ని అడిగింది.

"నేను గది బయటికొచ్చి తలుపేశాను వదినా. వినకూడదుగా."

మర్యాద మళ్లీ.

డ్వెయిన్ ఆ ఏడాది తిరిగి రాలేదు. మరుసటి వసంతంలో భుజం పాడైందని జట్టు వాడిని వదిలేసుకుంది. అది కూడా ఆర్డిస్ ఖాతాలోకే వెళ్లింది. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. చర్చి విందులో ఆమె చేసిన రూబార్బ్ పై మాత్రం ముక్క తెగకుండా ఇంటికి తిరిగొచ్చేది. మంగలి షాపు దగ్గర నడుస్తుంటే లోపలినుంచి ఎవడో అనేవాడు: "నోళ్లు మూసుకోండ్రా, ఆర్డిస్ వస్తోంది. మనకి బదులు ఆవిడే మాట్లాడుతుంది." ఆపైన నవ్వు. అన్నిటికంటే గట్టి దెబ్బ ఇంకోటి. ఆ వేసవి ఆమె ఇంటికి ఆటగాణ్ణి పంపలేదు. "ఈసారి కుర్రాళ్లు తక్కువమ్మా" అన్నారు. మరుసటేడూ తక్కువే. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. మేడమీద మంచం మాత్రం ప్రతి వసంతంలో దుప్పటి మార్చి సర్దేది. చెయ్యి అలవాటు.

డ్వెయిన్‌కి రాద్దామా అని చాలాసార్లు అనుకుంది. మాట అందిందా అని అడగాలనే ఉండేది. కానీ అలా అడిగితే చేసిన మంచికి రసీదు అడిగినట్టుంటుందని ఊరుకుంది. అందకపోయి ఉంటే? వాడి ఆట, వాడి బతుకు, తన గది, అన్నీ వట్టినే పోయినట్టా? ఆ ముల్లు మాత్రం ఏ ఏడూ అరగలేదు.

లవోన్ అలిగి ఆ ఆదివారం తర్వాత ఆ ఏడాది మిగిలిన ఆటలన్నీ వేరే సీట్లో కూర్చుని చూసింది. చలికాలం గడిచి మళ్లీ ఆటలు మొదలయ్యాక, ఎవరూ పిలవకుండానే వచ్చి స్తంభం వెనక కూలబడింది. "అక్కడ ఎండే బాబూ" అంది. ఆ ఆదివారం సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

కాలం కదిలింది. వెర్న్ పోయాడు. నది ఇంకా పై గీతలు గీయించుకుంది. లవోన్‌కి చెవులు పోయాయి, ఆర్డిస్‌కి మోకాళ్లు పోయాయి. ఇద్దరూ కలిపితే ఒక మనిషి అని ఊళ్లో నవ్వేవాళ్లు. అయినా ఎండ తిరిగాక కర్రలు పట్టుకుని పార్కుకి వచ్చేవాళ్లు. కొయ్యకి ఇంకో పూత రంగు పడింది.

అలా ఒక మధ్యాహ్నం, ఆట మొదలవకముందు, పొడుగాటి మనిషి ఒకడు మెట్లెక్కి వచ్చాడు. నెరిసిన గడ్డం, వంగిన నడుము, తాటిమట్టలాంటి చేతులు. మొదట టికెట్ల గది గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడట. ఏం కావాలని అక్కడి పిల్ల అడిగితే, ఏమీ వద్దమ్మా, చూస్తున్నానంతే అన్నాడట. నేరుగా స్తంభం వెనక్కొచ్చాడు.

"ఇంకా ఇక్కడేనా పెద్దమ్మా? కొట్టేవాడు కనిపిస్తున్నాడా ఇప్పుడైనా?"

ఆర్డిస్ తలెత్తింది. గొంతు పోల్చుకోవడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు.

"సగం లవోన్ చెప్తుంది" అంది. "ఆవిడకి వినపడదు, నాకు కనపడదు. కూర్చో."

కింది మెట్టు మీద కూర్చున్నాడు. బడి బస్సులు బాగుచేసే పని చేశాడట ఇన్నాళ్లూ, ఆ ఏడాదే మానేశాడట. కాసేపు వానల సంగతి మాట్లాడారు. తర్వాత వాడే అన్నాడు, మైదానం వైపు చూస్తూ.

"ఆరోజే చెప్పాలి మీకు. నోరు పెగల్లేదు. ఇంటికెళ్లాక రాద్దామంటే చెయ్యాడలేదు. ఏళ్లు గడిచేకొద్దీ సిగ్గెక్కువైంది."

ఆర్డిస్ కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. అడగలేదు.

"మా మామ్మ సంగతి తెలుసుగా మీకు. ఊపిరి తీసుకోలేకపోతోంది, అయినా మొదటి మాట అదే. ఆట అయిపోయిందా అంది. ఇంకా లేదంటే పెట్టేస్తుంది. అయిపోయింది మామ్మా అన్నాను. నమ్మదు ఆవిడ, గడుసుది. ఊరుకుని విన్నది. నేను కూడా విన్నాను. పైన నెత్తిమీద అంత జనముందా, పెద్దమ్మా, ఒక్క చప్పుడు లేదు. ఎప్పుడూ ఆ గదిలో మన మాట మనకే వినపడదు. ఆరోజు మాత్రం ఖాళీ పార్కులా ఉంది. ఓహో, నిజమేరా, అంతా వెళ్లిపోయారు అంది."

వాడు గడ్డం తుడుచుకున్నాడు.

"గెలిచావా అంది. గెలిచానన్నాను. అయితే వెళ్లి ఏమన్నా తిను, నేనూ పడుకుంటాను అంది. ఆ తర్వాత మాట్లాడలేదు. ఊపిరి వినపడుతూ ఉంది. మేనత్త ఫోను తీసుకునేదాకా పట్టుకునే ఉన్నాను."

 ఆ రోజు వీపుకి తగిలిన చూపులు, ఆ నోరు మూసుకున్న జనం, కుంచె పట్టుకుని వంగిన అంపైర్, అన్నీ ఆర్డిస్ కళ్ల ముందు తిరిగుంటాయి. ఊరంతా తన మీద కోపంతో చప్పుడు చెయ్యలేదనే ఇన్నాళ్లూ అనుకుంది. కోపం కూడా ఉండే ఉంటుంది. ఆ కోపమూ పనికొచ్చింది.

"ఏమంటున్నాడే వాడు?" అని లవోన్ పెద్దగా అరిచింది. "ఎవడు వీడు?"

ఆర్డిస్ ఆమె చెవి దగ్గరికి వంగింది. "డ్వెయిన్. అందిందట."

"ఏంటి అందింది?"

"మాట. ముసలావిడకి. అందిందట!"

నాలుగు వరసల అవతలిదాకా తలలు తిరిగాయి. లవోన్ డ్వెయిన్‌ని కిందినుంచి పైకి చూసింది. ఆర్డిస్‌ని చూసింది. పెదవులు కొరుక్కుంది. ఒళ్లో ఉన్న పల్లీల సంచి తీసి డ్వెయిన్ చేతిలో పెట్టి, మైదానం వైపు తిరిగి, ముక్కు చీదుకుంది.

ఆట అయ్యేసరికి పొద్దు గట్టు దాటింది. ఎవరు గెలిచారో ఆర్డిస్‌కి సరిగ్గా తెలీదు. డ్వెయిన్ ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

"రాత్రికి ఎక్కడ దిగావు?"

"హైవే దగ్గర హోటల్లో."

"హోటలేమిటి? గది ఖాళీగానే ఉంది."

ఇంటికెళ్లి ఆమె కింద దీపం వేసి పొయ్యి వెలిగిస్తుంటే, వాడు సంచి పట్టుకుని మేడ మెట్లెక్కాడు. ఆర్డిస్ అలవాటుగా వెనక్కి తిరిగి, జాగ్రత్త అనబోయి నోరు తెరిచింది. ఆ దూలానికి ఆ పాత గుడ్డే ఉంది. వాడు చెప్పకుండానే తల వంచాడు.